చీనీ తోటలో రాజీ గది

సుబ్బనారాయణకు భయపడని మనిషి పులివెందుల చుట్టుపక్కల లేడని ఆయన మనుషులే చెప్పుకుని మురిసిపోతుంటారు. ప్రేమకుమారికి మాత్రం ఆయనంటే భయం లేదు. ఆయన దగ్గర తన తమ్ముడు ఉన్నాడన్నదే ఆమె భయం.

తమ్ముడు జోసఫ్ ఆ పెద్దమనిషికి డ్రైవరు. ఇంటర్ తప్పి, జమ్మలమడుగులో ఇంటి ముందరి గోడ మీద కూర్చుని కాళ్లూపుకునే వయసులో ఎవరో తీసుకుపోయి స్టీరింగ్ చేతికిచ్చారు. బండి మెత్తగా నడుపుతాడు, నోరు మెదపడు. ఫ్యాక్షన్ నాయకుడికి అంతకంటే ఏం కావాలి? తండ్రి ప్రకాశం అయ్యవారు మిషన్ బడిలో పాఠాలు చెప్పి పోయాడు. ఆయన బతికుంటే ఒప్పుకునేవాడు కాదు. తల్లి రత్నమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి ఇంటిపట్టున ఉంది. కొడుకు తెల్ల బండిలో వచ్చి దిగితే ఆమెకు గొప్పగా ఉంటుంది, ఆదివారం గుడికి రాకపోతే బాధగా ఉంటుంది.

అలాంటి డ్రైవరు తలలో చాలా ఉంటుంది. ఏ రోజు ఎవరింటి ముందు బండి ఆపాడో, డిక్కీలో ఏముందో, దాన్ని ఎక్కడ దించాడో అన్నీ అందులోనే. అవి అందులో ఉన్నంతకాలం ఉద్యోగం ఖాయం. మానేస్తానంటేనే కష్టం. జోసఫ్ కంటే ముందు పనిచేసినవాడు మానేసి, చాపాడు దగ్గర కాలవలో తేలాడు. ఈత రాక పోయాడన్నారు. ఈత రానివాడు కాలవలోకి ఎందుకు దిగాడని అడిగిన మగాడు ఒక్కడూ లేడు.

ప్రేమకుమారి ప్రొద్దుటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. పిహెచ్‌డీ కోసం ఆమె పట్టుకున్న విషయం, రేడియో తరంగాలను ఏరి ఆపే పలకలు. ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్ సర్ఫేస్ అంటారు. పలక నిండా ఒకదానిలో ఒకటి ఇమిడిన లోహపు చదరాలు ఉంటాయి. ఏ చదరం చుట్టుకొలతకు సరిపోయే తరంగాన్ని ఆ చదరం పట్టి వెనక్కి తోసేస్తుంది. మిగతావి అక్కడ పలకే లేనట్టు దాటిపోతాయి. ఆమె చేసినవాటిలో సెల్‌ఫోన్ల పొట్టి తరంగాలు ఆగిపోతాయి, పోలీసులూ గన్‌మెన్లూ పట్టుకు తిరిగే వైర్‌లెస్ సెట్ల పొడుగు తరంగాలు దాటిపోతాయి. పెద్దవాటికి దారి, చిన్నవాటికి గోడ. కడప జిల్లాలో పుట్టిన మనిషికి ఈ సూత్రం అర్థం కావడానికి పుస్తకాలేమీ అక్కర్లేదు.

ఇలాంటివి పెద్ద ఊళ్లలో రాగిరేకు మీద యాసిడ్‌తో చెక్కుతారు. ఆ సదుపాయం కాలేజీలో లేదు. ఉన్నదల్లా రెండు త్రీడీ ప్రింటర్లు. ప్లాస్టిక్ దారాన్ని కరిగించి పొర మీద పొర పేర్చి అవి పలకను తయారుచేస్తాయి. పలకలోనే గాళ్లు పడేట్టు ఆమె డిజైన్ చేసింది. ఆ గాళ్లలో వెండి కలిసిన పేస్టు నింపితే చదరాలు సిద్ధం. ఇది ఆమె సొంత ఆలోచన. దాని మీద ఆమెకు చచ్చేంత ప్రేమ.

రెండువేల పద్దెనిమిదిలో కాలేజీ ఎగ్జిబిషన్‌కు ముఖ్య అతిథిగా సుబ్బనారాయణ వచ్చాడు. కాలేజీ కరస్పాండెంటుకు ఆయన కావలసినవాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఆయనకు విద్యార్థులు కావలసినవాళ్లు. ప్రేమకుమారి ఒక ఇనుప పెట్టెలో ఫోన్ పెట్టి, పెట్టె మూతి దగ్గర తన పలక నిలబెట్టింది. బయటినుంచి ఎన్నిసార్లు కాల్ చేసినా ఫోన్ మోగలేదు. ఆయన గన్‌మన్ సెట్టు అడిగి తీసుకుని అదే పెట్టెలో పెట్టింది. అది గరగరమని పలికింది.

సుబ్బనారాయణ వంగి చూశాడు. "ఏమ్మీ, మావోళ్ల సెట్టు పలుకుతాంది, ఫోను పలకల్యా. ఏం మంత్రమిది?"

"మంత్రం కాదు సార్. కొలత."

"ఇంత పలక చేసినదానివి గదంత చెయ్యలేవా?"

"చేయొచ్చు సార్. పలకలు పక్కపక్కన అతికించుకుంటూ పోతే గోడ అవుతుంది."

ఆయన ఆమె ముఖంలోకి చూసి, "నువ్వు మా జోసఫు అక్కవంట గదా," అన్నాడు. ఆ 'మా' అన్న మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది.

వారం తిరగకుండా కబురొచ్చింది. పులివెందుల నుంచి వేంపల్లె పోయే దారిలో ఆయనకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. తోట మధ్యలో కొత్తగా కట్టిన గది. ఇంకా సున్నం వాసన పోలేదు. ఆయన గది మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, అరమరిక లేకుండా చెప్పాడు.

"ఈ ఎలక్షన్ ముందర శానా రాజీలు జరగాల. నా ఇంటికి రాజీకొచ్చినోని ఫోను లాక్కుంటే వానికి అవమానం, నాకు చెడ్డపేరు. ఫోను వాని జేబిలోనే ఉండల్ల. గాని ఈడి మాట బయటికి పోగూడదు. కొందరు ఫోను కలిపిపెట్టి జేబిలో ఏసుకుంటాండారు. ఊర్లో కూర్చున్నోళ్లు అంతా ఇంటాండారు."

"జామర్ పెట్టుకోవచ్చు కదా సార్?"

"పెడితే మా సెట్లు గూడ చస్తాయి. మళ్ల జామర్ పెట్టినాడని ఎవుడో ఒకడు పేపర్లో రాస్తాడు. గోడ కట్టినాడని ఎవుడు రాస్తాడు?"

మనిషికి బుర్ర లేదని ఎవరూ అనలేరు. ఆ బుర్ర ఇంకోరకం పనికి వాడుంటే జిల్లా బాగుపడేది. ప్రేమకుమారి, "నాకు దుడ్లు వద్దు సార్. నా తమ్ముణ్ని వదిలేయండి," అంది.

ఆయన నవ్వాడు. "నేనేమన్నా కట్టేసినానా వాన్ని?"

"వాడు మానేస్తే వాడికేమీ కాదని మీరు మాట ఇవ్వాలి."

నవ్వు ఆగింది. "సరే. గది కానీ. నా పగోడు తిరుపాలుతో రాజీ కానీ. మర్నాడే నీ తమ్మున్ని తోలకపో. మాటంటే మాటే. ఒగటే షరతు. ఈ గోడల సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీగూడదు. మీ అమ్మకు గూడ. జోసఫుకు గూడ."

ఆ షరతు ఆమెకు కష్టమనిపించలేదు. జోసఫ్ తలలో ఇప్పటికే ఉన్నవి చాలు. ఇంకొక రహస్యం తెలిస్తే వాడికి ఇంకొక సంకెల పడ్డట్టే. తెలియకపోవడమే వాడికి మేలనుకుంది. చదువుకున్న మనిషి చేసుకున్న లెక్క అది. పైకి చూస్తే ఎక్కడా తప్పు కనపడదు.

పని మొదలైంది. కాలేజీ ల్యాబులో రెండు ప్రింటర్లూ పగలంతా తిరిగాయి. కరెంటు పోయినప్పుడల్లా సగం పలక పాడయ్యేది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది. కరస్పాండెంటు ఏమీ అడగలేదు. ఎవరి పనో తెలిసినవాడు ఏమడుగుతాడు? గాళ్లలో పేస్టు నింపడానికీ, పలకలను గోడకు బిగించి మీద చెక్క అతికించడానికీ ప్రొద్దుటూరు నుంచి దావూద్ మేస్త్రీని పెట్టుకుంది. ఇవి శబ్దం బయటికి పోకుండా ఆపే పలకలని అతనికి చెప్పింది. అతను నమ్మాడు. "పెద్దోళ్ల అరుపులు బయటికి ఇనపడకుండానా మేడం?" అని నవ్వి పని చేసుకుపోయాడు.

గోడలు, పైకప్పు, తలుపు వెనక భాగం, కిటికీ రెక్కలు అన్నీ అయ్యాక ప్రేమకుమారి ఒక్కతే గదిలో నిలబడి రకరకాల సిమ్ములతో పరీక్ష చేసింది. అన్నీ చచ్చాయి, ఒక్కటి తప్ప. పాత బటన్ ఫోన్లు వాడే తరంగం మాత్రం కిటికీ దగ్గర సన్నగా, ఒక్క గీతగా తగులుతోంది. కాల్ అతికష్టం మీదైనా పోతోంది.

సుబ్బనారాయణకు అది చెప్పాల్సిన పని లేదు. ఆయనకు తెలిసేది కాదు, ఈ కాలంలో బటన్ ఫోన్ ఎవరు వాడతారని ఊరుకోవచ్చు కూడా. కానీ ఆమెకు నిద్ర పట్టలేదు. లెక్కలు తిరగేస్తే తప్పు దొరికింది. ప్లాస్టిక్ మందంగా ఉండటం వల్ల పెద్ద చదరం అనుకున్న తరంగాన్ని కాకుండా దాని పక్కదాన్ని పట్టుకుంటోంది. చదరాన్ని కొంచెం చిన్నది చేసి కిటికీ పలకలన్నీ మళ్లీ ప్రింటు తీసి, దావూద్‌తో మార్పించింది. ఆ ఒక్క గీత కూడా పోయింది. ఆరోజు పులివెందుల బస్టాండులో నిలబడి తనలో తాను నవ్వుకుంది. తన పని మీద తనకు ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు. అదే ఆమె తర్వాత తలుచుకుని తలుచుకుని ఏడ్చిన సంతోషం.

తిరుపాలు అంటే చాపాడు మండలంలో సుబ్బనారాయణకు పగవాడు. బాంబుల రోజుల్లో ఇటు అన్న పోయాడు, అటు తండ్రి పోయాడు. వాళ్ల మధ్య పోయిన కూలీల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు. ఇప్పుడు ఒక పార్టీవాళ్లు ఇద్దరినీ పిలిచి, కొట్టుకోవడం మానితే ఒకరికి టికెట్టు, ఇంకొకరికి ఛైర్మన్ పదవి అన్నారు. ఇన్నేళ్లుగా ఆడవాళ్ల ఏడుపుకు తగ్గని పగ టికెట్టు మాట వినగానే మెత్తబడింది. ఆదివారం చీనీ తోటలో రాజీ అని అనుకున్నారు.

రాజీకి ఒక పద్ధతి ఉంది. పగవాడి చోటికి ఒకడు పోతున్నాడంటే, పిలిచినవాళ్ల మనిషి ఒకడు ఆ పోయేవాడి ఊళ్లో జామీనుగా కూర్చోవాలి. పోయినవాడు క్షేమంగా తిరిగొస్తే కూర్చున్నవాడు క్షేమంగా లేస్తాడు. వెనకటి రోజుల్లో తమ్ముడో అల్లుడో కూర్చునేవాడు, రక్తానికి రక్తం పూచీ. ఇప్పుడు కొడుకులు బెంగళూరులో కంట్రాక్టులు చేసుకుంటున్నారు, అల్లుళ్లకు తీరిక లేదు. కూర్చోబెట్టడానికి మాత్రం మనుషులు కరువా?

ఆ ఆదివారం ప్రేమకుమారీ రత్నమ్మా గుడి నుంచి వచ్చి, వంట మొదలుపెట్టారు. జోసఫ్ ఫోన్ చేశాడు. రత్నమ్మ కూర తిప్పుతూ, కొడుకు గొంతు వినాలని కూతురి భుజం దగ్గరికి చెవి తెచ్చి నిలబడింది.

"అక్కా, గుడికి పోయొచ్చినారా?"

"వచ్చినాం రా. యాడుండావు?"

"చాపాడు కాడ, తిరుపాలన్న వాళ్ల ఊర్లో. జామీనుగా కూర్చోనుండా."

"నువ్వెందుకు కూర్చోవాలిరా? ఆయనకు కొడుకుల్లేరా?"

"ఈళ్లే నన్ను అడిగినారంట. కొడుకునన్నా పోగొట్టుకుంటాడు గాని జోసఫును పోగొట్టుకోడు అన్నారంట. నా విలువ యాడికి పోయిందో చూడు." జోసఫ్ నవ్వాడు. వాడి పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. "భయమేం ల్యాక్కా. తిరుపాలన్న తోట కాడ దిగంగానే మిస్డ్ కాల్ ఇచ్చినాడు. అన్నానికి కూర్చున్నెప్పుడు ఒగటి ఇస్తాడు. లేసొచ్చేటప్పుడు ఒగటి. ఫోను బయటికి తీసి సూస్తే ఎదుటోన్ని నమ్మనట్టు గదా, అందుకని జేబిలోనే నొక్కుతాడు. ఆయప్పది బటన్ ఫోను. ఆ కాల్ వచ్చినంతసేపు నేను ఈళ్లకు సుట్టాన్ని."

"రాజీ... యాడ కూర్చుంటారు?"

"తోటలో గదక్కా. కొత్త గదిలో."

ఆమె నోరు తెరిచింది. అప్పుడు జోసఫ్ మామూలుగా అన్నాడు: "ఫోను స్పీకర్లో పెట్టినారక్కా, అందరూ ఇంటాండారు. ఏమనుకోవాకు, ఇదీ పద్ధతే."

ఆ ఒక్క క్షణంలో ఆమె తలలో ఎన్ని తిరిగాయో. ఆ గదిలో ఫోన్ పనిచేయదని ఇప్పుడు చెబితే? పిలిచి, ఫోన్ చచ్చే గదిలో తిరుపాలును కూర్చోబెట్టారని వీళ్లకు తెలుస్తుంది. దాన్ని మోసం అనక ఏమంటారు? మోసమైతే జామీను గతేంటి?

"సరేరా. జాగ్రత్త," అంది.

ఫోన్ పెట్టేయగానే తల్లికి వినపడకుండా వీధిలోకి పోయి సుబ్బనారాయణకు చేసింది. అందుబాటులో లేరంది. ఉండడని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఆయన పి.ఏ.కు చేసింది. అతను తోట గేటు దగ్గర, గది బయటే ఉన్నాడు.

"సార్‌తో అర్జెంటుగా మాట్లాడాలి. జోసఫ్ విషయం."

"లోపలికి పోగూడదని ఆర్డరు మేడం."

"సెట్లో చెప్పండి. తిరుపాలుగారిని ఒక్కసారి బయటికి వచ్చి వాళ్ల ఊరికి ఫోన్ చేయమనండి."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే గోడల సంగతి చెప్పాలి. చెప్పనని మాట ఇచ్చింది. "చెప్పండి మీరు. ప్రేమకుమారి చెప్పమంది అనండి."

అతను సెట్లో చెప్పడం ఆమెకు వినిపించింది. గరగరమని శబ్దం, ఆ వెంటనే లోపలినుంచి సుబ్బనారాయణ గొంతు: "ఆడోళ్ల పంచాయితీకి ఇదా సమయం? పెట్టేయ్." తరంగం ఎంత బాగా దాటిందో! ఒక్క అక్షరం పోలేదు. ఆమె అప్పుడు తెగించి, "లోపల ఫోన్లు పనిచేయవండీ, నేనే చేశాను ఆ గోడలు," అని అరిచింది. అప్పటికే అవతల ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. జోసఫ్‌కు చేస్తే ఫోన్ ఆపేసి ఉంది.

పక్కింటి జమీర్‌కు అద్దెకు తిప్పే కారు ఉంది. తల్లికి కాలేజీ పని అని చెప్పి అతన్ని బతిమాలి ఎక్కింది. ప్రొద్దుటూరు దాటుతుంటే దారి పొడుగునా బంగారు అంగళ్లు మూసి ఉన్నాయి, సినిమా హాలు ముందు జనం. ఎవరి ఆదివారం వాళ్లది. చాపాడు వైపు తిరిగాక ఆమె నోరు విప్పి ప్రార్థన చేయబోతే మాటలు రాలేదు. "తొందరగా పో జమీర్," అన్నదొక్కటే వచ్చింది.

తిరుపాలు ఊరి వీధిలో మగవాళ్లు గుంపులుగా నిలబడి ఉన్నారు. కారు చూసి ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ ఆమె ముఖం చూడలేదు. అది చూడగానే ఆమెకు తెలిసిపోయింది. తిరుపాలు ఇంటి అరుగు మీద ఆయన తల్లి అలివేలమ్మ తలకు చెయ్యి ఆనించి కూర్చుని ఉంది. జోసఫ్ ఇంటి వెనక దొడ్లో ఉన్నాడు. విస్తరి ఇంకా అరుగు మీదే ఉంది.

"తింటాన్న్యాడమ్మా," అంది అలివేలమ్మ. "అన్నమేళ దాటిపాయ. కాల్ రాల్యా. మావోళ్లు చేస్తే అందుబాట్లో లేరు, అందుబాట్లో లేరు అంటాంది ఆ ఫోనులో ఆడమనిషి. మా తిరుపాలును ఏసేసినారు అనుకున్యారు. బిడ్డ చెయ్యి కడుక్కోనాల్సింది, కడుక్కోనియ్యలా."

ప్రేమకుమారి దొడ్లోకి పోయి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంది. వాడి కుడిచేతి వేళ్లకు ఇంకా అన్నం అంటుకుని ఉంది. తన కొంగుతో ఒక్కొక్క వేలూ తుడిచింది. ఏడుపు రాలేదు. అరుపు వచ్చింది, అది ఎవరిదో అనుకుంది.

అప్పుడే అరుగు మీద ఎవరి ఫోనో మోగింది. ఎత్తినవాడు విని, చెమట తుడుచుకుని, అందరికీ వినపడేట్టు చెప్పాడు: "తిరుపాలన్న. తోట గేటు కాడికొచ్చి చేస్తాండాడు. రాజీ అయిపాయంట. టపాకాయలు కాల్చమంటాండాడు."

ఎవరూ కాల్చలేదు. అంతమాత్రం మర్యాద మిగిలింది.

రాజీ చెడలేదు. అదే అన్నిటికంటే నీచం. రెండు ఊళ్లూ మళ్లీ తగలబడతాయని పేపర్లవాళ్లు కెమెరాలు పట్టుకుని కాచుకున్నారు. చావు కాగితాల మీద రోడ్డు ప్రమాదం అయింది. జోసఫ్ చనిపోయినా ఎవరి ఇంట్లోనూ పెద్ద మనిషి తగ్గలేదు, కాబట్టి పగ పట్టాల్సినవాడు ఎవరూ లేరు. పోలీసులు వచ్చి రత్నమ్మతో మాట్లాడి, కాఫీ తాగి పోయారు.

సమాధి చేసిన మూడోరోజు సుబ్బనారాయణ, తిరుపాలు ఇద్దరూ కలిసి జమ్మలమడుగు వచ్చారు. ఒకే కారు, మెడలో ఒకే రంగు కండువా. సుబ్బనారాయణ రత్నమ్మ ముందు చేతులు జోడించి, "మా ఇంటి బిడ్డ పోయినాడమ్మా," అన్నాడు. 'మా' అనడం ఆయన ఇంకా మానలేదు. తర్వాత ప్రేమకుమారిని వాకిట్లోకి పిలిచాడు.

"నీ తమ్మున్ని ఇస్తానంటి. ఇట్ల ఇయ్యాల్సొస్తాదని నేననుకోల్యా." గొంతు తగ్గించి, "నువ్వు మాట నిలబెట్టుకున్యావు. గోడలు బో గట్టివి. ఒక్క మాట బయటికి రాల్యా."

తిరుపాలు పక్కనే నిలబడి వింటున్నాడు. ఆయనకు ఇప్పుడు గది సంగతి తెలుసు. రాజీ అయ్యాక స్నేహితుల మధ్య రహస్యాలెందుకు? "మావోళ్లది తప్పేం ల్యా తల్లీ," అన్నాడు. "నేను జేబిలో చెయ్యి పెట్టి నొక్కినా. పొయ్యిందనుకున్యా. అయిందేదో అయిపాయ. మాకూ అట్లాంటిది ఒగటి కావాల. మీ కరస్పాండెంటుతో చెప్పినాంలే."

ప్రేమకుమారి ఇద్దరి ముఖాలూ చూసింది. ఉమ్మేయాలనుకుంది. నోరు ఎండిపోయి ఉంది. వాళ్లు జవాబు కోసం ఆగలేదు, కారెక్కి పోయారు.

లోపల రత్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరి ముందూ తిట్టినట్టే మళ్లీ తిడుతోంది. "ఆ టవరోళ్ల చేతులిరిగిపోను. సరిగ్గా ఆ పొద్దే సిగ్నలు పోవాల్నా? నా బిడ్డను పొట్టన పెట్టుకున్యారు." ఆ తిట్టు ఆమెకు ఊతగా ఉంది. ఎవరో ఊరూ పేరూ లేనివాళ్లు, ఎక్కడో టవర్ల కింద కూర్చున్నవాళ్లు, తన కొడుకును చంపారు. ప్రేమకుమారి దాన్ని అలాగే వదిలేయవచ్చు. మూడు రోజులుగా వదిలేసింది.

"టవరోళ్లు గాదుమా," అంది. "ఆ గదిలో ఫోన్లు పలకకుండా చేసింది నేనే."

రత్నమ్మకు అర్థం కాలేదు. ప్రేమకుమారి కింద కూర్చుని మొదటినుంచి చెప్పింది. పలకలు, ప్రింటర్లు, తోట, మాట, షరతు. జోసఫ్‌ను విడిపిస్తానన్నాడనీ, దానికోసమే చేశాననీ చెప్పింది. కూతురు చెప్పడం అయిపోయాక రత్నమ్మ, లెక్క సరిచూసుకునే మనిషిలా నిదానంగా అడిగింది.

"జోసఫు ఫోను చేసినెప్పుడు నేను నీ పక్కనే ఉంటి గదా."

"ఊఁ."

"కొత్త గదిలో అని వాడు చెప్పినెప్పుడే నీకు తెలిసిపాయనా?"

"తెలిసింది మా."

"మళ్ల జాగ్రత్త అంటివే?"

"చెబితే చంపుతారని భయపడినా మా. అందరూ వింటాండిరి."

రత్నమ్మ కూతురి ముఖం వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే బాగుండేదని ప్రేమకుమారికి తర్వాత ఎన్నోసార్లు అనిపించింది.

"చెప్పకుంటే ఇడ్సిపెట్టినారా అమ్మీ?" అంది రత్నమ్మ.